ల్యాంపుల కోటయ్య పద్యం

చిదంబరానికి పద్యం వచ్చు. ధారణ రాదు.

అవధానం చెయ్యాలనుకునేవాడికి ఇంతకు మించిన అవస్థ లేదు. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎదురుగా కూర్చుని తలా ఒకటి అడుగుతారు. ఒకరు ఎక్కడా అతకని ఆఖరి పాదం సమస్యగా ఇచ్చి పూరించమంటారు. ఒకరు పొంతన లేని నాలుగు మాటలిచ్చి వాటితో పద్యం కట్టమంటారు, దాని పేరు దత్తపది. ఒకరు వర్ణన అడుగుతారు. ఇంకొకరు మధ్యమధ్యలో గంట కొట్టి ఎన్ని కొట్టానో చెప్పమంటారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెప్పుకుంటూ నాలుగు చుట్లు తిరగాలి. అంతవరకూ చిదంబరం గుర్రంలా వెళ్ళేవాడు. ఆఖరున ఎవరి పద్యం వాళ్ళకి మొదటినుంచీ తిరిగి అప్పజెప్పాలి. అదే ధారణ. ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టు ప్రతిసారీ అక్కడే చిక్కుకునేవాడు.

అతని గురువు పరాంకుశాచార్యులవారు. ఒకప్పుడు రేపల్లె చుట్టుపక్కల ఆయన అవధానం జరగని ఊరు లేదు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. శిష్యుడిచేత ఉగాదికి తొలి అవధానం చేయించమని ఊరి గ్రంథాలయం వాళ్ళు ఆయన్ని అడిగారు. నోటీసు అచ్చుకివ్వాలి, చిదంబరం పేరు వెయ్యమంటారా అని ఒకటికి రెండుసార్లు కబురు చేశారు.

"చూద్దాం" అన్నారు ఆచార్యులవారు. ఆయన చూద్దామంటే కాదని అర్థం. చిదంబరానికి ఆ సంగతి తెలుసు.

ఆ దిగులు మరిచిపోవడానికి అతను గురువుగారి పుస్తకం పని నెత్తిన వేసుకున్నాడు. చిదంబరం ఇంజనీరింగు కాలేజీలో లెక్కల మేష్టార్ల సిద్ధాంతగ్రంథాలు కంప్యూటరు మీద కూర్చే ఉద్యోగం చేసేవాడు. గురువుగారి పద్యాలన్నీ ఒక రేకుపెట్టెలో ఉండేవి. పెళ్ళిపత్రికల వెనక, సినిమా కరపత్రాల వెనక, సభ అయిపోయాక ఎవరో అభిమాని రాసిచ్చిన చిత్తుకాగితాల మీద. వాటికో క్రమం పెట్టి, కథ చెప్పి, ఈ పద్యంలాంటిదే ఆ పద్యం అని ముడులు వేస్తూ ఒక పుస్తకం చెయ్యాలని సంకల్పం.

ఆ ముడుల దగ్గరే అతని ప్రజ్ఞ అంతా. "ఈ పోకడకు తొమ్మిదో పద్యం చూడండి" అని చేత్తో రాసేస్తే, రేపు ముందు ఇంకో పద్యం చేరగానే తొమ్మిది కాస్తా పది అవుతుంది, రాసిందంతా తప్పవుతుంది. అందుకని కంప్యూటరులో కూర్పుకు వాడే అతని ఎడిటర్‌లో ప్రతి పద్యానికీ లోపల్లోపల ఒక గుర్తు పెడతారు. దాన్ని లేబుల్ అంటారు. ఎక్కడైనా "ఫలానాది చూడండి" అనాల్సి వస్తే ఒక మీట నొక్కితే లేబుళ్ళ జాబితా తెరుచుకుంటుంది. కావలసినదాన్ని ఎంచుకుంటే, అచ్చులో ఆ పద్యం సంఖ్య దానంతటదే వచ్చి కూర్చుంటుంది. పద్యాలు ఎటు జరిగినా సంఖ్యలు సర్దుకుంటాయి. లేబుల్ మాత్రం అచ్చులో కనపడదు. అది కూర్చేవాడికీ కంప్యూటరుకీ మధ్య మాట.

మొదట్లో ఆ జాబితా సంతలా ఉండేది. పద్యాలు, పీఠికలు, అధస్సూచికలు అన్నీ కలగాపులగంగా దిగేవి. చిదంబరం నిద్రాహారాలు మాని ఎడిటర్ సెట్టింగులు తిరగరాశాడు. సమస్యలకు ముందు "స", దత్తపదులకు "ద", వర్ణనలకు "వ". పక్కన వరస సంఖ్య. స-1, స-2, ద-1, ద-2. వాక్యంలో "సమస్య" అన్న మాట పక్కన మీట నొక్కితే "స"లు మాత్రమే వస్తాయి. లేబుల్ కింద పద్యం మొదటి పాదం కూడా కనపడేది, దాన్ని చోటు దండగని దాచేశాడు. జాబితా చెరిగిన బియ్యంలా శుభ్రంగా తయారైంది. మురిసిపోయి గురువుగారిని పిలిచి చూపించాడు.

ఆచార్యులవారు కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. "బాగుంది. ఇందులో కోటయ్య ఎక్కడున్నాడు?" అన్నారు.

"ఏ కోటయ్యండీ?"

"ల్యాంపుల కోటయ్యరా. దీపం ఆర్పిన సమస్య ఇచ్చాడు చూడూ."

చిదంబరం కాగితాలు తిరగేసి, "స-9 అండీ" అన్నాడు.

అప్పట్నుంచీ రోజూ ఇదే గోల. ఆచార్యులవారు పడక్కుర్చీలో పడుకుని చెబుతూ ఉంటారు, చిదంబరం కూరుస్తూ ఉంటాడు. "ఇక్కడ వకుళమ్మ అడిగింది చూడమను" అంటారాయన. వకుళమ్మ ఎవరో, ఏమడిగిందో, అది స నా వ నా చిదంబరానికి తెలియదు. పని నత్తనడక నడుస్తోంది. చివరికి అతనికి విసుగెత్తింది.

"గురువుగారూ, మీరు స-9 అనో ద-14 అనో చెబితే నాకు చిటికెలో పనండీ. ఓ కాగితం మీద అన్నీ రాసి మీ కుర్చీ దగ్గర పెడతాను."

"నేను నేర్చుకోవాలంటావు."

"రెండు రోజుల్లో అలవాటైపోతుందండీ."

"అవుతుంది, అవుతుంది" అని ఆయన నవ్వి ఊరుకున్నారు. లోపలినుంచి ఆచార్యులవారి భార్య అమ్మగారు, "ఆయనకి ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఇప్పటికీ అలవాటు కాలేదు నాయనా" అంది.

మర్నాడు పొద్దున ఆచార్యులవారు పెట్టె అడుగునుంచి ఇంకో కాగితం తీశారు. "ఇది కూచిపూడి సభలోది. మరిచేపోయాను. సమస్యల్లో దీన్ని రెండోదిగా పెట్టు."

చిదంబరం ఉత్సాహంగా పెట్టాడు. కొత్తదానికి ఎడిటరే స-23 అని లేబుల్ ఇచ్చింది. ఒక్క మీటతో పుస్తకమంతా సంఖ్యలు ముందుకు జరిగాయి. "చూశారా! ఒక్కటి కూడా చేత్తో దిద్దక్కర్లేదు" అని కాగితాలు అచ్చు తీసి చేతికిచ్చాడు.

"భేష్. ఏదీ, కోటయ్య పద్యం తీయి."

చిదంబరం చకచకా తొమ్మిదో పద్యం తీసి చదవబోయాడు. అది కోటయ్యది కాదు. తెనాలి బట్టలకొట్టు ఆసామి ఇచ్చిన సమస్య. నాలుక కరుచుకుని, "స-9 ఇప్పుడు పదోదైందండీ. రెండోదేమో స-23. అంటే లేబుల్ ప్రకారం తొమ్మిది, అచ్చు ప్రకారం పది" అంటూ గబగబా ఏదో చెప్పబోయి, చెప్పేకొద్దీ తనకే తికమకై ఆగిపోయాడు. కొత్తది చేర్చాక ఇందాక కూడా ఒకచోట ఇలాగే అచ్చు సంఖ్య చూసి లేబుల్ ఎంచుకున్నట్టు అప్పుడు గుర్తొచ్చింది. ఒకరి పద్యం అడిగినవాడికి ఇంకొకరిది చూపించి వచ్చాడన్నమాట.

ఆచార్యులవారు "ఊఁ" అన్నారు. తిట్టలేదు.

ఆ సాయంత్రం ఆచార్యులవారింటి వసారాలో మామూలు ప్రకారం అభ్యాసం పెట్టారు. పృచ్ఛకులంతా ఊళ్ళోవాళ్ళే. దత్తపది సుగుణకుమారి టీచరుగారు, వర్ణన జలీల్ సాహెబుగారు, మిగతావాళ్ళు మిగతావి. జలీల్ సాహెబు పోస్టుమ్యానుగా చేసి రిటైరయ్యారు. తెలుగు పద్యమంటే చెవి కోసుకుంటారు.

మూడు చుట్లు అయ్యాయి. చిదంబరం మంచి ఊపులో ఉన్నాడు. ఆచార్యులవారు లేచి, "టీచరమ్మా, మీకు గాలి తగలడం లేదులాగుంది. జలీల్ సాహెబూ, మీరిటు వచ్చి ఆవిణ్ణి అటు కూర్చోనివ్వండి" అన్నారు. ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నారు. చిదంబరం అప్పుడు గంటలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఎవరు లేచారో ఎవరు కూర్చున్నారో పట్టించుకోలేదు. నాలుగో చుట్టు కూడా దించిన తల ఎత్తకుండా, వినపడిన ప్రశ్నకు జవాబిస్తూ పూర్తి చేశాడు.

ధారణ మొదలైంది. మొదటి కుర్చీకి సమస్య అప్పజెప్పాడు. రెండో కుర్చీవైపు తిరిగి, కళ్ళు మూసుకుని, దత్తపది పద్యం గడగడా చదివేశాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా జలీల్ సాహెబు.

"బాగుంది గానీ బాబూ, ఇది నాది కాదు" అన్నారాయన మర్యాదగా.

వసారా అంతా నవ్వు. ఆ నవ్వుతో చిదంబరం బుర్రలో ఉన్న మిగతా పద్యాలన్నీ కొట్టుకుపోయాయి. మూడోది ఏమిటో, నాలుగోది ఎలా మొదలవుతుందో, ఒక్క అక్షరం మిగల్లేదు. నవ్వనిది ఆచార్యులవారొక్కరే.

"జలీల్ సాహెబు నిన్నేమడిగాడురా?" అన్నారు మెల్లగా.

"వర్ణనండీ. మూడో ప్రశ్న."

"ఏం వర్ణించమన్నాడు?"

"వాన... వానాకాలం..."

జలీల్ సాహెబే అందుకున్నారు. "వానకి తడిసొచ్చిన పోస్టుమ్యాను, బాబూ. సంచి తడవకుండా ఒళ్ళు తడుపుకునేవాడు. నేను చేసిన ఉద్యోగమేగా. ఎవరన్నా పద్యంలో పెడితే వినాలని సరదా." అని తనే సిగ్గుపడ్డట్టు నవ్వారు. "పర్లేదులే. మొదటి మూడు పాదాలూ చాలా బాగా చెప్పావు. నాలుగోది కూడాను."

చిదంబరం ఆయన ముఖంలోకి చూశాడు. నెలల తరబడి ఆ మనిషికి పద్యాలు చెబుతున్నాడు. చూడటం మాత్రం అదే మొదలు. తడి సంచిని చొక్కా కింద పెట్టుకుని సైకిలు తొక్కే మనిషి ఆ ముఖంలో అప్పుడు కనపడ్డాడు. తను చెప్పిన పద్యం, నాలుగు పాదాలూ, పిలిచినట్టు తిరిగొచ్చింది. కానీ పైకి చెప్పకుండా సిగ్గుతో తల దించుకున్నాడు.

ఆచార్యులవారు, "ఇవాల్టికి చాలు, అందరికీ కాఫీలు" అని లోపలికి కేకేసి ఊరుకున్నారు. కుర్చీల సంగతి ఎత్తనేలేదు. చిదంబరం కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు వచ్చీ రాగానే కంప్యూటరు తెరిచి, ఎడిటర్ తనంతట తానే లేబుళ్ళు ఇచ్చే సెట్టింగు తీసేశాడు. దాచేసిన మొదటి పాదాన్ని మళ్ళీ కనపడేట్టు పెట్టాడు. స-1 మీద వేలు పెట్టి, గురువుగారివైపు తిరిగాడు.

"ఇదెవరడిగిందండీ?"

ఆచార్యులవారు పడక్కుర్చీలో కొంచెం లేచి కూర్చున్నారు. "అది భట్టిప్రోలు కరణంగారు. పొగచుట్ట ఆర్పకుండా అడిగాడు. ఆర్పితేగానీ పూరించనన్నాను."

చిదంబరం "చుట్ట-కరణంగారు" అని కొట్టాడు.

అలా మొదలైంది. రోజుకు నాలుగైదు పేర్లకన్నా సాగేది కాదు. ఒక్కొక్క పేరూ ఒక్కొక్క సభ. ఆ సభకు వెళ్ళిన ఎడ్లబండి, పందిట్లో పెట్రోమాక్సు లైటు బుస్సుమన్న చప్పుడు, పద్యం పండితే వీరతాళ్ళు వేసిన ముందు వరస, పండకపోతే దగ్గిన వెనక వరస. వకుళమ్మ ఎవరో అప్పుడు తెలిసింది. ఆవిడ సభలోకి రాలేదట. తలుపు వెనక నిలబడి తమ్ముడిచేత దత్తపది అడిగించింది. "ఆవిడ ముఖం నేను చూడలేదు. కడియం చూశాను, తలుపు పట్టుకున్న చేతికి. నాలుగు పాదాలూ ఆ కడియానికే చెప్పాను" అన్నారు ఆచార్యులవారు. చిదంబరం "తలుపు వెనక వకుళమ్మ" అని పెట్టాడు.

తెనాలి ఆసామికి "ఆవులింతల ఆసామి" అని పేరు పడింది. పద్యం బాగున్నా ఆవులించేవాడట. అది విని ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఆసామి పోయి చాలా కాలమైందన్నారు ఆచార్యులవారు, నవ్వు ఆపి. అప్పటి సభల్లో మిగిలినవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళంతా ఒకప్పుడు ఎదురుగా కూర్చుని, ఈ అవధానిని ఎలా బోల్తా కొట్టిద్దామా అని కళ్ళల్లో కళ్ళు పెట్టి చూసినవాళ్ళే. ఇప్పుడు బోల్తా కొట్టించడానికి ఎవరున్నారని ఆయన బెంగ. పైకి అనలేదు గానీ చిదంబరానికి తెలిసింది. అతనికీ వాళ్ళమీద బెంగ పట్టుకుంది. తను పుట్టకముందు పోయిన మనుషుల మీద బెంగేమిటో అతనికే ఆశ్చర్యంగా ఉండేది.

ఒకరోజు కోటయ్య వంతు వచ్చింది.

"రైల్వే స్టేషన్లో దీపాలు వెలిగించేవాడు" అన్నారు ఆచార్యులవారు. "సిగ్నలు దీపాలు, ప్లాటుఫారం దీపాలు. నూనె పోసి, వత్తి సరిచేసి, గాజు తుడిచి. సాయంకాలమైతే చాలు, చేతిలో నిచ్చెన. చదువు అంతంత మాత్రం. పద్యమంటే ప్రాణం. నా సభ ఎక్కడున్నా డ్యూటీ మార్చుకుని వచ్చి వెనక కూర్చునేవాడు. ఒకసారి నేనే పిలిచి, కోటయ్యా, ఇవాళ నువ్వూ అడుగు అన్నాను. చాలాసేపు ఆలోచించి, దీపమార్పి చూడ దెస వెలింగె, అన్నాడు."

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "పుట్టినప్పట్నుంచీ దీపాలు వెలిగించినవాడురా. ఆర్పితే ఎలా ఉంటుందో చూడాలని ఎన్నాళ్ళనుంచి అనుకున్నాడో."

చిదంబరం "ల్యాంపుల కోటయ్య" అని కొట్టాడు.

ఇక పని పరుగెత్తింది. ఆచార్యులవారు "ఇక్కడ వకుళమ్మది" అనగానే జాబితాలో తలుపు వెనక వకుళమ్మ కనపడేది. "ఇక్కడ మన కరణం" అంటే చుట్ట కనపడేది. చూసి చూసి కొన్నాళ్ళకు చిదంబరం జాబితా తెరవడమే తగ్గించాడు. పేరు నేరుగా కొట్టేసేవాడు. అధ్యాయాలు అటూ ఇటూ ఎన్నిసార్లు మార్చినా ఒక్క ముడి కూడా తప్పుగా పడలేదు.

పుస్తకం పూర్తయింది. కాగితాలన్నీ అచ్చు తీసి, దారంతో కుట్టి, పట్టుకొచ్చి గురువుగారి చేతిలో పెట్టాడు. ఆయన పుటలు తిప్పుతూ, "పెళ్ళిపత్రికల వెనకనుంచి ఇంతదూరం వచ్చాయా" అని మురిసిపోయారు. చిదంబరం ముఖం మాత్రం వాడిపోయి ఉంది.

"ఏమిట్రా? తప్పులున్నాయా?"

"లేవండీ. అన్నీ సరిగానే ఉన్నాయి. చూడండి, ఈ పోకడకు పదో పద్యం చూడండి అని వచ్చింది. పదో పద్యం కోటయ్యదే. కానీ ఇక్కడ కోటయ్య లేడు కదండీ. పది అని ఉంది. వకుళమ్మ నలభై ఒకటి అయిపోయింది. కరణంగారు ఒకటి." అతను చొక్కా చేతితో కళ్ళు నులుముకున్నాడు. "లేబుళ్ళు అచ్చులోకి రావని నాకు తెలుసు. ఆ సంగతి మీకు చెప్పింది నేనే. అయినా ఇన్నాళ్ళూ మనతో కూర్చున్న మనుషులు, ఒక్కళ్ళూ కనపడకపోతే, ఏదోగా ఉందండీ."

ఆచార్యులవారు పుస్తకం మూశారు.

"ఆ పదోది చదువు" అన్నారు.

చిదంబరం పుస్తకం కోసం చెయ్యి చాచాడు. ఆయన ఇవ్వలేదు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కళ్ళు మూసుకోలేదు. వసారాలో ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని చూస్తూ చదివాడు.

"చిన్న మేడపైన చేరి కూర్చుంటిమి
నూనె యింకు వేళ నొక్కసారి
చందమామ వచ్చి సాక్షియై నిలువగా
దీపమార్పి చూడ దెస వెలింగె."

"వకుళమ్మది?"

వకుళమ్మది చదివాడు. చేత్తో తలుపు పట్టుకున్నట్టు చెయ్యి దానంతటదే లేచింది. తర్వాత గురువుగారు పేరు చెప్పక్కర్లేకపోయింది. ఆవులింతల ఆసామిది, చుట్ట కరణంగారిది, ఒకరి వెనక ఒకరు వచ్చి కుర్చీలో కూర్చుని తమ పద్యం తీసుకుని లేచి వెళుతున్నారు. అమ్మగారు వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. చిదంబరానికి తను ధారణ చేస్తున్నట్టే తెలియదు. ఎన్ని చదివాడో కూడా తెలియదు.

చాలాసేపటికి ఆగాడు. ఎదురుగా గురువుగారు లేరు. గుమ్మం దగ్గర కండువా భుజాన వేసుకుని, చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నారు.

"ఎక్కడికండీ ఈ ఎండలో?"

"గ్రంథాలయానికి. నోటీసులో నీ పేరు వెయ్యమని చెప్పొస్తా."

చిదంబరం కంగారుగా లేచాడు. "అప్పుడేనా? అందరినీ కూర్చోబెట్టి ఇంకొక్కసారి పరీక్ష పెట్టండి గురువుగారూ. సభలో మరిచిపోతే మీ పేరు పోతుంది."

ఆచార్యులవారు గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగారు.

"ఇందాక ఏడవబోయావే, పద్యాలు పోయాయనా?"

"కాదండీ, మనుషులు కనపడటం లేదని" అన్నాడు చిదంబరం, ఖాళీ కుర్చీవైపు చూస్తూ.